బిడ్డ పేరిట వల

కరుణాకుమారి బకింగ్‌హాం కాలువ గట్టు వెంట వచ్చి, సరుగుడు తోపులో ఇసుక దారిన నడిచి మొగలిపాళెం ఒడ్డుకు చేరేసరికి పాళెమంతా కలిసి లాగే అలివి వల ఇంకా సముద్రంలోనే ఉంది. పొద్దు బాగా ఎక్కింది. తను పనిచేసే జువ్వలదిన్నెలో అయితే ఈ వేళకు వల ఒడ్డెక్కి, చేపలు కుప్పలు పడి, ఆడవాళ్ళు గంపలకు ఎత్తుకుంటూ ఉంటారు. ఇక్కడ రెండు మోకులూ నీళ్ళలోంచి బిగుతుగా వచ్చి ఇసుక మీద ఆగిపోయి ఉన్నాయి. ఉత్తరపు మోకు దగ్గర మగవాళ్ళు, దక్షిణపు మోకు దగ్గర ఆడవాళ్ళూ ముసలివాళ్ళూ మడమలు ఇసుకలో పాతి, వెనక్కి వాలి, మోకును నడుముకు ఆనించుకొని నిలబడ్డారు. లాగడం లేదు. ఊరికే పట్టుకొని ఉన్నారు. అల వెనక్కి పోయినప్పుడు మోకు వాళ్ళను ముందుకు ఈడ్చేది. అల వచ్చినప్పుడు పోయిన నేలను మళ్ళీ తెచ్చుకునేవాళ్ళు.

"దక్షిణం పక్కకు ఇద్దరు పొండిరా!" అని అరిచాడు ఓబులేసు. ముసలివాడు, పాళేనికి పెద్ద. పెదకాపు అంటారు. రెండు మోకుల మధ్య నిలబడి, ఎటు బలం తగ్గితే అటు మనిషిని పంపడం అతని పని.

"ఇద్దరు పోతే ఈడ ఎవురు పట్టుకుంటారు పెదకాపా, నీ మీసమా?" అన్నాడు ఉత్తరపు మోకు మొదట ఉన్న చెంచయ్య.

అందరూ నవ్వారు. నవ్వితే పట్టు సడలింది. మోకు సర్రున జారి చెంచయ్య అరచేయి కాల్చింది. మళ్ళీ ఎవరూ నవ్వలేదు.

కరుణాకుమారి తెప్ప నీడన నిలబడింది. భుజాన కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం అచ్చువేసిన సంచి. అందులో మందులు, బిడ్డ గుండె వినే కొయ్య గొట్టం, ఊరూరా తిప్పి చూపించే బొమ్మల అట్టలు. ఒక అట్ట మీద ఇద్దరు పిల్లలతో నవ్వుతున్న సంసారం, ఇంకో అట్ట మీద గుడిసె పట్టనంత మంది పిల్లలతో ఏడుస్తున్న సంసారం. దక్షిణపు మోకు మీద ఇద్దరు ఆడవాళ్ళ మధ్య ముగ్గురు పట్టే ఖాళీ కనబడుతోంది. ఆమె ఆ ఖాళీ వైపు చూడకుండా ఉండడానికి సంచిలో ఏదో వెతుక్కుంది.

వల ఒడ్డెక్కేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. సగం చేప మోకు ఆగినప్పుడే వల కింద నుంచి జారుకొని పోయింది. మిగిలిన కవళ్ళనూ నెత్తళ్ళనూ ఓబులేసు దోసిళ్ళతో ఎత్తి ఇంటికొక కుప్ప పోశాడు. చివరి కుప్ప ఇసుక మీద పోయలేదు, తాటాకు పరిచి దాని మీద పోశాడు. దాన్ని ఎవరూ దాటలేదు. పక్కనుంచి చుట్టు తిరిగి పోయారు.

"అది ఎవరిది పెదకాపు గారూ?"

"గురవమ్మ కడుపులో ఉండేవాడిది."

పాళెంలో కాన్పులు చేసే ముసలమ్మ పోలమ్మ వచ్చి ఆ తాటాకును రెండు చేతులా ఎత్తుకొని వల పాక వైపు నడిచింది. పాకలో ఒక నిండు చూలాలు గుంజకు ఆనుకొని కూర్చొని ఉంది. ఆమె తలపైన గుంజకు కట్టిన కొత్త వల ముక్క గాలికి ఊగుతోంది. పాత వలంతా చింతగింజల రంగులో నల్లబడి ఉంటే ఆ ముక్క ఒక్కటే తెల్లగా ఉంది.

కరుణాకుమారి చూస్తున్నది చూసి ఓబులేసు చెప్పాడు. "ఈ అలివి ఒకరిది కాదమ్మా. ఇంటికొక ముక్క. అన్నీ కలిపి కుడితే వల. ఆడమనిషికి కడుపొస్తే ఆ ఇంటాయన గుంజకు నూలు కట్టి బిడ్డ పేరిట ఒక ముక్క మొదలు పెట్టాల. పేరు పెట్టిన దినం దాన్ని వల్లో కలిపి కుడతాం. బిడ్డ వల గుంజకుండంగా అలివిని విడగొట్టకూడదు. కలిపినాక కూడా ఏడాది పాటు విడగొట్టకూడదు."

"మధ్యలో బిడ్డ పోతే?"

"పోయినా కలపతాం. వచ్చి పోయినాడు గదా. వాడి వంతు వాడిదే."

"ఇంకోటి కూడా చెప్పు నర్సమ్మకు," అన్నాడు చెంచయ్య అరచేతికి ఉప్పునీళ్ళు పోసుకుంటూ. "అసలు బిడ్డే లేకుండా ముక్క అల్లితే ఏం చేస్తారో."

ఓబులేసు అతని వైపు చూడలేదు. "వలకు అబద్ధం చెప్పిన ఇల్లు మళ్ళీ మోకు ముట్టకూడదు. మా తాతల కాడి నించి అట్టాంటి ఇల్లు లేదు."

"లేదు, లేదు," అంటూ చెంచయ్య తన కుప్ప దగ్గరికి పోయాడు.

అలవాటుగా కరుణాకుమారి తన మాట మొదలుపెట్టబోయింది. దేశంలో జనం ఎలా పెరిగిపోతున్నారో, పిల్లకూ పిల్లకూ మధ్య ఎడం ఎందుకు ఉండాలో. చేయి సంచిలోకి పోయి, అట్టల అంచు తగిలి, అక్కడే ఆగింది.

ఓబులేసు ఆ చేతిని చూశాడు. "చెప్పమ్మా, మీ జీపు మైకులో ఇన్నాంలే. మనుషులు నిలబడేదానికి చోటుండదంట గదా."

"ప్రపంచం అంతా అంతేనండీ. ముప్పై ఏళ్ళలో రెట్టింపు అవుతారట."

"అయితే ఈడోళ్ళు యాడికి పొయ్యినారు?"

అతను వెటకారంగా అడగలేదు. దారి తెలియనివాడు అడిగినట్టు అడిగాడు. ఖాళీగా ఉన్న ఇళ్ళ వైపు చేయి చూపించాడు. పైకప్పులు కూలిన చోట మొగలి పొదలు లోపలికి వచ్చేశాయి. పెళ్ళయిన కుర్రవాళ్ళు మద్రాసు పోయారు, మరపడవల మీద పనికి. మిగిలిన ఒకరిద్దరికి పిల్లనిచ్చేవాళ్ళు లేరు. మనుషులు లేని పాళేనికి మనిషిని ఎవరిస్తారు?

"అల మీదికొచ్చేటప్పుడు అందరికీ తెలస్తాది," అన్నాడు ఓబులేసు. "ఎనక్కి పొయ్యేటప్పుడు ఎవురూ చూడరు. కాళ్ళ కింద ఇసక పొయ్యేది అప్పుడే. మీ మాట జనం ఇన్నారనుకో, ఆపమంటే ఆపుతారు. మళ్ళీ కనమని చెప్పేదానికి ఏ జీపొస్తాదమ్మా?"

 ఇలా ఎవరైనా అడుగుతారని ఆమెకు శిక్షణలో చెప్పలేదు.

తోపు దాకా చెంచయ్య ఆమె వెంట వచ్చాడు. అక్కడికి వచ్చాక గొంతు తగ్గించాడు. "నర్సమ్మా, గురవమ్మను ఒకసారి చూడు. పోలమ్మ చెప్పిన నెల పొయ్యింది, దాని మింద ఇంకోటీ పొయ్యింది. పోలమ్మేమో కొన్ని కడుపులు అట్టనే ఉంటాయంటాది. నా బిడ్డలు మద్రాసుకు రమ్మంటా ఉండారు. నా ముక్క నేను కోసుకొని పోదామంటే గుంజకు అది ఏలాడతా ఉండాది."

"ఆమె కనాలని లేదా మీకు?"

"కంటే ఏడాది ఉంటా. నవ్వతా ఉంటా." అతను మోకు కాల్చిన చేతిని చూసుకున్నాడు. "బిడ్డొస్తాడని ఇంతమందిమి కాళ్ళు ఈడ్చుకోని నిలబడినాం. ఉండాడో లేడో చెప్పు, చాలు."

*

మరునాడు ఉదయం గురవమ్మ తలంటు పోసుకొని కూర్చుంది. నలభైకి దగ్గరపడిన మనిషి. పక్కనే ఆమె మొగుడు గంగాధరం బిడ్డ వల అల్లుతున్నాడు. వెదురు సూదిలో నూలు నింపుకొని, కొలచెక్క మీదుగా తిప్పి, ముడి బిగించి, బొటనవేలితో ఒకసారి నొక్కేవాడు. ప్రతి ముడినీ నొక్కేవాడు. అంత నొక్కాల్సిన అవసరం వలకు లేదు. పని త్వరగా అయిపోకుండా చూసుకుంటున్నాడని కరుణాకుమారికి అనిపించింది.

"నువ్వు ఆపే నర్సమ్మవు గదా," అంది గురవమ్మ నవ్వుతూ. "నా కాడ నీకేం పని?"

"కాన్పులు కూడా చేస్తానక్కా."

"నీకెంతమంది?"

"ఒక్కతే కూతురు. కావలిలో చదువుకుంటోంది."

"ఒక్కతేనా? చాలా?"

"చాలు," అంది కరుణాకుమారి. ఎన్నో ఊళ్ళలో, ఎందరో ఆడవాళ్ళకు చెప్పిన మాట. చిన్న నవ్వుతో సహా నోటికి వచ్చేసింది. గురవమ్మ ఆ నవ్వునే చూస్తూ ఉంది. చాలని చెప్పేటప్పుడు మనిషి నవ్వుతుందా అని ఆలోచిస్తున్నట్టుగా.

ఇంట్లోకి పోయి తడిక వేసుకున్నారు. పోలమ్మ గడప దగ్గర కూర్చుంది. "మెల్లిగా చూడమ్మో. ఇది నీ ఆస్పత్రి మంచం కాదు," అంది.

చాప మీద పడుకున్న గురవమ్మ కడుపు ఎత్తుగా, గుండ్రంగా ఉంది. రొమ్ములు నిండి, మొనలు నల్లబడ్డాయి. కాళ్ళకు కొంచెం నీరు. కానీ బొడ్డు లోపలికే ఉంది. నిండు గర్భిణికి బొడ్డు అలా ఉండదు. కరుణాకుమారి చేతులు ఒకదానితో ఒకటి రుద్ది వేడి చేసుకొని కడుపు మీద ఆనించింది. తలను వెతుక్కుంది. వీపును వెతుక్కుంది. చేతుల కింద గట్టిగా ఏదీ తగలలేదు. వేలితో తడితే ఖాళీ కుండ మోత మోగింది.

"అదిగో కదలతా ఉండాడు," అంది గురవమ్మ ఆమె చేయి పట్టుకొని పక్కకు జరుపుతూ. "ఈడ. తెలస్తాందా?"

చర్మం కింద నిజంగానే ఏదో కదిలింది. పేగుల కదలిక.

కరుణాకుమారి గొట్టం ఆనించి చెవి పెట్టింది. చాలాసేపు విన్నది. ఒక చోట విని, ఇంకో చోట విని, మళ్ళీ మొదటి చోటికి వచ్చింది. బిడ్డ గుండె పరుగు తీస్తున్నట్టు కొట్టుకుంటుంది. ఇక్కడ వినబడుతున్నది నిదానంగా, బరువుగా, ఒక పెద్ద మనిషి నడక. లోపల కూడా పరీక్ష చేసింది. గర్భసంచి పిడికిలంత ఉంది. ఎన్నడూ ఎవరూ ఉండని ఇల్లులా, చిన్నగా, గట్టిగా మూసుకొని ఉంది.

చేతులు కడుక్కుంది. కడుక్కున్న చేతుల్ని మళ్ళీ కడుక్కుంది. పోలమ్మను పొయ్యి మీద నీళ్ళు పెట్టమని బయటికి పంపింది.

"గుండె ఇనబడిందా?" అంది గురవమ్మ.

"నీ గుండె వినబడిందక్కా."

గురవమ్మ ఇంటి కప్పు వైపు చూస్తూ ఉండిపోయింది. 

"నాదొక్కటేనా?"

"నీదొక్కటే."

బయట గంగాధరం ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. వలకు నూలు తిప్పుతున్న చప్పుడు. గురవమ్మ లేచి కూర్చొని చీర సర్దుకుంది. కడుపు మీద చేయి పెట్టబోయి, చేతిని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు పక్కన చాప మీద పెట్టింది.

"నేను అబద్ధం చెప్పలా," అంది.

"తెలుసు. నీ ఒళ్ళు నీకే అలా చెప్పింది. అలా జరుగుతుందక్కా. బిడ్డ కోసం మనసు బాగా కొట్టుకుంటే ఒళ్ళు నమ్మేస్తుంది."

"నా మనసొక్కటేనా కొట్టుకునింది?" ఆమె గొంతు మొదటిసారి పదునెక్కింది. "దినమూ పెదకాపు తాటాకేసి పోస్తాడు. మోకు ఇడిచిపెట్టి రాంగానే ఒక్కొక్కరూ వచ్చి కడుపు చూసి పోతారు. ఎట్టుండాడు, ఎట్టుండాడు అని. నేనేం చేసేది?"

 కడుపు ఈమె ఒక్కతెకే రాలేదు. పాళెం మొత్తానికి వచ్చింది. మోసే వంతు ఈమెకు పడింది.

"ఆయన ముక్క అయిపోవస్తా ఉండాది," అంది గురవమ్మ. "లేని బిడ్డకు అల్లినాడని ఆయన చేత మోకు ఇడిపిస్తారు. సముద్రం ముందర పుట్టినోడు గట్టున కూచ్చోని చూడాల." మాట ఆపి గడప వైపు చూసింది. "రేపు చెప్పు అందరికీ. ఇయ్యాల చెప్పబాక. ఈ ఒక్క దినం నాకుండనీ."

*

జువ్వలదిన్నెకు తిరిగి వచ్చేసరికి ఆరోగ్యశాఖ జీపు బజారులో తిరుగుతోంది. మైకులో మాట అదే. నిలబడడానికి చోటు ఉండదు. కరుణాకుమారికి ఆ మాటలన్నీ కంఠతా వచ్చు. అవి అబద్ధాలు కావని ఆమెకు తెలుసు. ఈ బజారు వెనక గుడిసెల్లో ఏడో కాన్పుకు రక్తం లేక పాలిపోయిన ఆడవాళ్ళను ఆమె చేతులతో పట్టుకుంది. అయినా ఇవాళ ఆ మాట చెవిలో పడుతుంటే ఆమె కళ్ళ ముందు దక్షిణపు మోకు మీది ఖాళీ కనబడింది. ఎప్పుడో, తన కూతురి కూతుళ్ళు కూడా లేని కాలంలో, లోకమంతా ఆ ఒడ్డులా అయితే? వల ఉంటుంది, చేప ఉంటుంది. మోకుకు రెండు వైపులా చాలినంత మంది ఉండరు. ఎవరో ఒక ఆడమనిషి చుట్టూ చేరి, ఎట్టుండాడు, ఎట్టుండాడు అని అడుగుతారు.

డాక్టరుకు చెప్పి సలహా అడగాలని ఆస్పత్రికి పోయింది. డాక్టరు ఆపరేషన్ల శిబిరం కోసం ఇంకో ఊరు వెళ్ళాడన్నారు. వరండాలో కొంతసేపు కూర్చుంది. చెప్పడానికి ఎవరూ లేకపోవడం ఆమెకు ఆశ్చర్యంగా, తేలికగా అనిపించింది. తేలికగా ఎందుకు అనిపించిందో ఆమె ఆ పూట ఆలోచించలేదు.

*

మూడోరోజు ఆమె మొగలిపాళెం చేరేసరికి ఒడ్డున అలివి పరిచి ఉంది. పాళెమంతా దాని చుట్టూ కూర్చున్నారు, చిరుగులు కుట్టే సాకుతో. ఎవరి చేతిలోనూ సూది కదలడం లేదు. గంగాధరం ఒళ్ళో బిడ్డ వల మడత పెట్టి ఉంది. అల్లడం అయిపోయింది. అతని పక్కన గురవమ్మ.

ఆమెను చూడగానే కరుణాకుమారి కాళ్ళు ఆగాయి. గురవమ్మ కడుపు దిగిపోయింది. చీర కుచ్చిళ్ళు వదులై ముందుకు వేలాడుతున్నాయి. మాట విన్న ఒళ్ళు ఒక్క రాత్రిలో నమ్మకం వదిలేసింది. దానికి మరుగు ఏమీ లేదు. అందరికీ కనబడుతోంది.

"వచ్చినాది చూడండి," అంది పోలమ్మ. "నిన్న ఈమె చెయ్యి పెట్టింది. ఇయ్యాల కడుపు లేదు. నన్ను నీళ్ళు కాయమని బయటికి తోలింది. బిడ్డల్ని ఆపే నర్సమ్మని మన గడప తొక్కనిచ్చినాం. చాలదా?"

"గమ్మనుండు," అన్నాడు ఓబులేసు. లేచి నిలబడ్డాడు. రెండు మోకుల మధ్య నిలబడే మనిషికి ఇవాళ ఏ పక్కకు ఎవరిని పంపాలో తెలియనట్టుంది. "అమ్మా నర్సమ్మా, నిన్నేం అనను. ఒక్క మాట అడగతా. ఉన్నది ఉన్నట్టు చెప్పు. బిడ్డ ఉండి పోయినాడా? అసలు లేడా?"

గాలికి పరిచిన వల అంచులు లేస్తూ పడుతూ ఉన్నాయి. కరుణాకుమారి చెంచయ్య వైపు చూసింది. ఈ మాట కోసమే తనను పిలిచినవాడు. అతను తల దించుకొని ఇసుకలో వేలితో గుంట తవ్వుతున్నాడు. ఆ జవాబు వినాలని అతనికి కూడా లేదు. గంగాధరం మాత్రం నేరుగా ఆమె ముఖంలోకి చూస్తున్నాడు. నోరు కొంచెం తెరుచుకొని ఉంది. ఒళ్ళో ఉన్న మడతను అతని బొటనవేలు నొక్కుతోంది, ఒక ముడి తరువాత ఒక ముడి.

నిజం చాలా చిన్నది. ఒక్క మాటలో అయిపోతుంది. గర్భం లేదు. దాన్ని ఆమె మనసులో రెండుసార్లు అనుకుంది. మూడోసారి నోటిదాకా తెచ్చుకుంది.

"ఉండినాడు," అంది.

తన మాట తనకే కొత్తగా వినిపించింది. ఆమె ఆ యాస మాట్లాడే మనిషి కాదు.

"ఎట్ట పోయినాడు?"

ఈ ప్రశ్న వస్తుందని ఆమె అనుకోలేదు. అనుకొని ఉంటే మొదటి మాట అని ఉండేది కాదేమో. అబద్ధ సాక్ష్యం పాపమని చిన్ననాటి నుంచి చర్చిలో విన్నది. ఒకరిమీద చెప్పకూడదన్నారు. తనమీద తాను చెప్పుకుంటే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు.

"నిన్న చూసేటప్పుడు నా చెయ్యి గట్టిగా పడింది," అంది. "తప్పు నాదే."

 పోలమ్మ రొమ్ము బాదుకొని రాగం ఎత్తింది. ఆడవాళ్ళంతా అందుకున్నారు. చెంచయ్య ఒక్క ఉదుటున లేచి ఆమె భుజం మీది సంచి లాగి ఇసుకలోకి విసిరాడు. గొట్టం దొర్లిపోయింది. బొమ్మల అట్టలు బయటపడ్డాయి. ఇద్దరు పిల్లలతో నవ్వుతున్న సంసారం ఆకాశం వైపు నవ్వుతూ పడి ఉంది.

"మా ఒడ్డు తొక్కబాక," అన్నాడు చెంచయ్య. అతని కళ్ళలో నీళ్ళు ఉన్నాయి. "ఉండాడో లేడో చూడమని అడిగినానా నిన్ను, చంపమని అడిగినానా?"

 గంగాధరం లేచి, బిడ్డ వల మడత విప్పి, పాత వల అంచున పరిచాడు. తెల్లని కళ్ళను నల్లని కళ్ళకు ఒక్కొక్కటే జత చేసి కుట్టడం మొదలుపెట్టాడు. ఓబులేసు వచ్చి రెండో కొస పట్టుకున్నాడు.

కరుణాకుమారి అట్టలు ఏరుకుంటూ గురవమ్మ వైపు చూసింది. లోకంలో ఆమెకూ తనకూ మాత్రమే తెలిసిన సంగతి ఒకటి ఇప్పుడు వాళ్ళ మధ్య ఉంది. ఆ సంగతి ఆ కళ్ళలో ఒక్కసారి కనబడితే చాలుననుకుంది. గురవమ్మ రెండు చేతుల్లో తల పట్టుకొని ఊగుతోంది. ముఖం కనబడలేదు.

*

కబురు కావలి దాకా పోయింది. మొగలిపాళెంలో నర్సు చేతిలో బిడ్డ పోయిందట, ఆ మనిషి వచ్చి పెద్ద డాక్టరుగారి ఎదుట సంజాయిషీ చెప్పుకోవాలని పిలుపు వచ్చింది. కరుణాకుమారి బయలుదేరింది. డాక్టరుకు జరిగింది జరిగినట్టు చెప్పాలని ఆమె నిర్ణయించుకుంది. గర్భం లేని కడుపులు ఉంటాయని ఆయనకు తెలుసు. మందలించి వదిలేస్తాడు. పాళెం కోసం పాళెంలో చెప్పిన మాట పాళెంలోనే ఉంటుంది. అలా జరగదని ఆమెకు లోలోపల తెలుసు. కాలువ పడవల మీద ఉప్పు ఎంత వేగంగా పోతుందో మాట కూడా అంతే వేగంగా పోతుంది.

కాలువ రేవుకు తోపు దారిన పోవచ్చు. ఆమె ఒడ్డు దారిన పోయింది.

అలివి నీళ్ళలో ఉంది. రెండు మోకులూ మనుషుల చేతుల్లో ఉన్నాయి. ఇవాళ వల ఇంకొంత పెద్దది. లాగేవాళ్ళు మొన్నటివాళ్ళే. కాదు, ఒక మనిషి ఎక్కువ. దక్షిణపు మోకు మీది ఖాళీలో గురవమ్మ నిలబడి ఉంది. కొంగు నడుముకు బిగించి, మడమలు పాతి, పళ్ళు కరుచుకొని లాగుతోంది. ఉత్తరాన గంగాధరం ఉన్నాడు. చెంచయ్య కూడా ఉన్నాడు, ఏడాదికి కట్టుబడి.

గురవమ్మ ఆమెను చూసింది. మోకు వదిలింది. వదలగానే ఆ పక్క ఆడవాళ్ళంతా తడబడి ముందుకు పోయారు. ఆమె వాళ్ళను పట్టించుకోకుండా ఇసుకలో పడుతూ లేస్తూ వచ్చింది. కరుణాకుమారి నిలబడింది. ఒక విధంగా ఎదురుచూసింది కూడా. తిట్టాలి గనక తిడుతుంది, అందరి ముందూ తిట్టకపోతే ఎలా? తిట్టేటప్పుడు కళ్ళతో ఒక్క మాట చెబుతుంది.

గురవమ్మ వంగి దోసిలి నిండా ఇసుక ఎత్తి ఆమె ముఖాన పోసింది.

"నా బిడ్డను తిన్నావు గదే! నా కడుపులో తిరగతా ఉండినాడే! నీ చెయ్యి పట్టుకొని చూపించినా గదే, ఈడుండాడు చూడని! నీ చేతులు పడిపోనూ!"

కళ్ళలో పడిన ఇసుకను తుడుచుకొని కరుణాకుమారి చూసింది. ఆమెకు అడుగు దూరంలో గురవమ్మ ముఖం ఉంది. ఎంత వెతికినా అందులో ఏ గుట్టూ లేదు. రాత్రులు నిద్రలేని కళ్ళు, ఏడ్చి వాచిన పెదవులు. రవిక ముందు భాగం రెండు వైపులా తడిసి ఉంది. అది చెమట కాదు. ఒంటికి ఎవరూ చెప్పలేదు, బిడ్డ లేడని. ఉండి పోయాడని చెప్పారు. ఒళ్ళు దాన్ని నమ్మింది. ఆమె కూడా నమ్మింది.

"గురవమ్మక్కా," అంది కరుణాకుమారి నెమ్మదిగా, "ఆ దినం నువ్వు నన్నడిగావు గదా. గుండె..."

"ఇనబడింది నీకు," అంది గురవమ్మ. "ఇనబడింది! ఇనబడే చంపినావు."

మోకు దగ్గర నుంచి ఓబులేసు కేక వేశాడు. గురవమ్మ చేతులు దులుపుకొని వెనక్కి పోయింది. ఖాళీలో నిలబడి మోకు అందుకుంది. ఆగిన మోకు జానెడు కదిలింది.

కాలువ రేవులో పడవ మనిషి సమాధానం గడకర్ర పట్టుకొని కూర్చొని ఉన్నాడు. ఆమె చర్చివాడే, నడివయసు మనిషి. ఆమె ఎక్కగానే పడవ నెట్టాడు.  ఆమె జడ నుంచి, చీర మడతల నుంచి పడవలోకి ఇసుక రాలడం చూస్తున్నాడు.

"కావలికా అమ్మా?"

"అవునయ్యా."

"ఆడ ఏం చెప్తారో ఏమో." అతను గడకర్ర దించి, లాగి, మళ్ళీ దించాడు. "చెయ్యి అన్నాక ఒకసారి జారతాది. దేవుడికి తెలుసు." ఇంకా కొంత దూరం పోయాక, అడగాలో వద్దో తేల్చుకోలేనట్టు, నీళ్ళ వైపు చూస్తూ అడిగాడు. "మగబిడ్డంట గదా?"

కరుణాకుమారి ఎదుటి గట్టు వైపు చూస్తూ కూర్చుంది. గట్టున సరుగుడు చెట్లు దగ్గరికి వస్తున్నాయి. పెద్ద డాక్టరుకు చెప్పాలనుకున్న మాటలు వరసగా గుర్తు చేసుకోబోయింది. ఒక్కటి కూడా రాలేదు. ఆ బిడ్డ లేడని తెలిసిన మనిషి ఇప్పుడు లోకంలో తనొక్కతే. తన అరచేతుల వైపు చూసుకుంది.

"కాదయ్యా," అంది. "ఆడపిల్ల."